రాజుగారి విడిది

రాజుగారి డోలీ వానలో తడుస్తూ తన కోట ముందు ఆగేసరికి హామో ప్రభువు పరుగున వచ్చి గడప మీదే ఆగిపోయాడు.

పన్నెండు రోజుల్లో అదే రాజుగారి మీద తిరగబడతానని అతను శిలువ మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకుని ఉన్నాడు.

అనుమతి లేకుండా కట్టిన బురుజులన్నీ కూలగొట్టాలని ఆ ఏడు రాజాజ్ఞ. ఇంగ్లండు ఉత్తరాది ప్రభువులు ముగ్గురు దానికి ఒప్పుకోలేదు. ఒకడు హామో. ఇంకొకడు అతని భార్య సిబిల్లాకి అన్న, ఓడో. మూడోవాడు పక్క లోయలో ఉండే బాల్డ్విన్. ఆ పన్నెండో రోజున, ఆండ్రూ పునీతుడి పండగనాడు, ముగ్గురూ ఒకేసారి కోట తలుపులు మూసేయాలి. ఒక్కడు మూస్తే అణిచేస్తారు. ముగ్గురూ మూస్తే రాజుగారే మాట్లాడటానికి దిగొస్తారు. అదీ వాళ్ల ఆలోచన.

గుర్రం మీంచి రాజుగారి లేఖకుడు ఓస్మండ్ దిగాడు. బక్కపలచటి మనిషి. మాట మెత్తన.

"దారిలో జ్వరం తగిలిందండీ ప్రభువులకి. వెలుతురు చూస్తే కళ్లు మండిపోతున్నాయి. 'హామో ఇల్లు దగ్గరే కదా, అక్కడికే పదండి, అక్కడైతే నాకు భయం లేదు' అన్నారు."

భయం లేదు! హామో తల దించుకున్నాడు.

మేడ మీద తన పడకగది ఖాళీ చేయించాడు. భటులు తోలు తెరలు తియ్యకుండానే డోలీని మెట్ల మీదుగా మోసుకుపోయారు. తలుపు మూసుకుంది. లోపలికీ బయటికీ తిరిగేది ఓస్మండ్ ఒక్కడే.

హామో, సిబిల్లా కింద హాల్లో గడ్డి పరుచుకుని పడుకున్నారు.

"పైకప్పు కారుతోంది. ఆయనేమనుకుంటున్నారో ఏమో!" అంది సిబిల్లా. ఒట్టు సంగతి ఆమెకి తెలుసు. అయినా వచ్చిన మనిషి అతిథి. తన చేత్తోనే కోడి పులుసు కాచి పంపింది.

గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది. వెనకే ఓస్మండ్ వచ్చాడు.

"చాలా బాగుందన్నారమ్మా. మీ మామగారు యుద్ధంలో ప్రభువుల తాతగారి పక్కన నిలబడి ప్రాణం ఇచ్చిన సంగతి తలుచుకున్నారు. 'ఆ రక్తంలో ద్రోహం ఉండదు' అన్నారు."

హామో తింటున్న రొట్టె పక్కన పెట్టేశాడు.

రోజుకో మాట అలా కిందికి వచ్చేది. నీ గుర్రం కుంటుతోందట, నాది ఒకటి తీసుకో అన్నారు. హాల్లో చలిగా ఉంటుంది, నా ఉన్ని శాలువా సిబిల్లాకివ్వండి అన్నారు. ఆమె ఆ శాలువా కప్పుకోలేక, పక్కన పడేయలేక ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఒక్కసారి దర్శనం ఇప్పించండి," అని హామో బతిమాలాడు.

"కళ్లు తెరవలేకపోతున్నారండీ. మీరేమైనా చెప్పుకోవాలంటే తలుపు దగ్గర చెప్పుకోండి. వింటారు."

ఆరో రోజు మధ్యాహ్నం సిబిల్లా పెరట్లో ఉండగా హామో మెట్లెక్కాడు. మూసిన తలుపు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ప్రభూ, నేను మీరనుకుంటున్న మనిషిని కాను," అన్నాడు.

ఆ తరవాత మాట ఆగలేదు. ఒట్టు సంగతి చెప్పాడు. పండగ సంగతి చెప్పాడు. పేర్లు కూడా చెప్పేశాడు. లోపల అలికిడి లేదు. తన నుదురు చెక్కకి ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

చాలాసేపటికి తలుపు ఓరగా తెరుచుకుంది. ఓస్మండ్ వచ్చి అతని భుజం పట్టుకుని లేపాడు.

"క్షమించారు. మీ బురుజు మీకే ఉంచారు."

"మా బావని ఏమీ చెయ్యొద్దనండి. బాల్డ్విన్ని కూడా."

"అలాగే చెప్తాను."

మర్నాడు తెల్లవారగానే డోలీ వెళ్లిపోయింది.

పండగకి ముందురోజు ఊరి బాట మీద ఒక ఎడ్లబండి వచ్చింది. చేతులకి గొలుసులతో అందులో ఓడో, బాల్డ్విన్. ఓడో బురుజుని అప్పటికే నేలమట్టం చేశారట. సిబిల్లా పరుగెత్తుకెళ్లి అన్న చెయ్యి పట్టుకుంది. హామో ఆమె వెనక నిలబడ్డాడు.

"ఏడవకే పిచ్చిదానా," అన్నాడు ఓడో. తరవాత హామోని చూసి గొంతు తగ్గించాడు. "నువ్వైనా జాగ్రత్త బావా. మా ఇంట్లోనో, ఈ బాల్డ్విన్ ఇంట్లోనో ఎవడో నోరు జారాడు."

బండి కదిలింది. సిబిల్లా వెనక్కి తిరిగి మొగుడి మొహం చూసింది. ఇంకేమీ అడగక్కర్లేకపోయింది.

"మా అన్నయ్య ఇప్పటికీ మిమ్మల్ని అనుమానించట్లేదు," అంది. అంతే.

"ఏం చెయ్యను సిబిల్లా? నన్నంత నమ్మి, జబ్బుతో నా మంచం మీద పడుకున్న మనిషిని మోసం చెయ్యలేకపోయాను."

ఆ రోజు నుంచి ఆమె అతనికి తిండి గిన్నె ముందు పెట్టి వెళ్లిపోయేది. పనివాళ్లు ఎదురొస్తే అతనే పక్కకి తప్పుకునేవాడు. మేడ మీద గదిలోకి మళ్లీ ఇద్దరిలో ఎవరూ అడుగుపెట్టలేదు.

క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు నార్మండీ నుంచి ఒక సన్యాసి, మఠానికి ఉత్తరాలు పట్టుకెళ్తూ, మంచుకి ఆగి ఆ కోటలో తలదాచుకున్నాడు. హామో అతనికి రొట్టె, పులుసు పెట్టించాడు. తనూ ఎదురుగా కూర్చున్నాడు.

"స్వామీ, రాజుగారి జ్వరం తగ్గిందా? ఏమైనా విన్నారా?"

సన్యాసి రొట్టె తుంచుతున్నవాడల్లా ఆగాడు.

"జ్వరమేమిటి నాయనా, వేసవిలో సముద్రం దాటి మా నార్మండీకి వచ్చిన రాజుగారు ఈ రోజుకీ ఇంగ్లండు గడ్డ మీద మళ్లీ అడుగే పెట్టలేదు కదా!"