నిద్రలోనే ఉన్నాడు

మత్తు డాక్టరుగారికి పరిశోధనలంటే పరమ చిరాకు. ఆ అర్ధరాత్రి వెన్నెముక విరిగిన మనిషిని ఆపరేషన్ బల్ల మీద బోర్లా పడుకోబెట్టాక, పరిశోధన చేస్తున్న జూనియర్ అతని మోచేతి కింద బిగుతుగా పట్టీ కట్టింది. ఆ తర్వాత ఎక్కించే, ఒళ్లంతా చచ్చుబరిచే మందు ఆ చేతికి మాత్రం చేరదు. మనిషి లోపల మేలుకునే ఉంటే, ఆ చేత్తో చెప్పగలడు.

"నా మత్తుమందు పడ్డాక చెవిలో డోలు కొట్టినా లేవడు. నువ్వూ, నీ పట్టీనూ!" అంటూ ఆయన ఆమెను పక్కకు జరిపి, వేళాకోళంగా ఆ చేతిలో తన వేళ్లు పెట్టాడు. "ఏమయ్యా, వింటున్నావా? వింటే నొక్కు."

మానిటర్ కూత తప్ప గదిలో చప్పుడు లేదు.

చెయ్యి నొక్కింది.

నరాల గుంజుడులే అనుకున్నాడు. అయినా వంగి, ఎవరికీ వినబడకుండా అడిగాడు: "భయమేస్తోందా? అయితే రెండుసార్లు."

రెండుసార్లు నొక్కింది. ఆపైన వదల్లేదు.

మత్తు పెంచొచ్చు. పెంచితే జూనియర్ చూస్తుంది. ముప్పై ఏళ్ల పరువు ముందు ఒక మనిషి మెలకువ ఏపాటిది?

"ఏమైనా తెలిసిందా సార్?" అంది ఆమె.

సర్జన్ కత్తి అందుకున్నాడు. "మొదలుపెట్టమంటారా? నిద్రలోనే ఉన్నాడుగా?"

ఆ పట్టుకు డాక్టరుగారి వేళ్లు తెల్లబడుతున్నాయి.

"మొద్దునిద్ర," అన్నాడాయన. "కానివ్వండి."