అద్దెకు పైగది

మగ్గాల మోతలో ఎంత అరిచినా వినపడదు కనుక కిష్టయ్య చేత్తో సైగ చేసి భార్యను గుమ్మం బయటికి పిలిచాడు.

"పైగది ఆ నల్ల పిలగానికి ఇయ్యొద్దు," అన్నాడు.

యమునాబాయి తెల్లబోయింది. జుమా టాంజానియా నుంచి సోలాపూర్‌కు చదువుకోవడానికి వచ్చిన కుర్రాడు. ఆదివారం ఒక్కడే వచ్చి గది చూసుకున్నాడు. ఆమె ఇచ్చిన చాయ్ తాగి, రెండు చేతులూ జోడించి వెళ్లాడు. ఈ సాయంత్రం హాస్టల్ ఖాళీ చేసి సామానుతో వస్తాడు.

"మాటిచ్చిన గదా. ఇప్పుడేమయింది?"

"టీవీల జూసిన. అటొక పోలీసు, ఇటొక పోలీసు, నడుమ వాడు. పొద్దుగాల సంది అదే చూపెడుతున్రు."

"ఏం జేసిండట?"

"ఏం జేస్తే ఏంది? పోలీసులు ఊకెనే పట్టుకుంటరా?"

కిష్టయ్యకు వార్తలంటే పిచ్చి. మగ్గాలతోపాటే గోడమీది టీవీ కూడా మొదలు కావాలి. మోత ఉంటేనేం, బొమ్మ కనిపిస్తే చాలంటాడు. చూసినదంతా జోడ్‌భావి పేట్‌లో నలుగురికీ చెప్పందే ఆయనకు అన్నం సయించదు. ఇన్నేళ్లలో ఆఫ్రికావాళ్లు టీవీలో కనిపించినప్పుడల్లా పక్కన పోలీసులే ఉన్నారు. ఇక వేరే సాక్ష్యం దేనికి?

యమునాబాయికి మనసొప్పలేదు. పిల్లవాడి ముఖంలో కపటం లేదని నచ్చజెప్పబోయింది. ఆడపిల్ల ఉన్న ఇల్లని ఆయన గట్టిగా అనేసరికి ఊరుకుంది.

సాయంత్రం జుమా రెండు సంచులతో వచ్చాడు. ఉన్నమాట చెప్పలేక కిష్టయ్య, గదిలోకి చుట్టాలొస్తున్నారని హిందీలో అబద్ధమాడాడు. అది ముందే తెలిసినట్టు కుర్రాడు తలూపాడు. "ఠీక్ హై కాకా," అని సంచులు భుజానికెత్తుకున్నాడు.

గల్లీ మలుపు తిరిగేదాకా యమునాబాయి అతన్నే చూస్తూ నిలబడింది. సిగ్గుతో ఆమె ప్రాణం చచ్చిపోయింది. కిష్టయ్యకు మాత్రం పెద్ద గండం గడిచినట్టయింది. హాయిగా మగ్గాలు ఆపి, చేతులు కడుక్కుని టీవీ ముందు కూర్చున్నాడు.

"రాయే, మల్ల చూపెడుతున్రు. నీ కండ్లతోని నువ్వే చూడు," అని భార్యను పిలిచాడు.

అదే బొమ్మ. ఇద్దరు పోలీసుల నడుమ జుమా. మగ్గాలు ఆగి ఉండటంతో ఈసారి మాటలూ వినిపించాయి. ఊళ్లో ఎవరూ ఇల్లివ్వకపోతే, ఈ విద్యార్థి వెంట పోలీసులే వీధివీధీ తిరిగారని మరాఠీలో చెబుతోంది ఒకమ్మాయి.

"చివరికి జోడ్‌భావి పేట్‌లో యమునాబాయి అనే తల్లి గది ఇచ్చింది."