మేస్త్రికి ఉండాల్సిన బలం

“సున్నా అంటే అసలు లేనట్టా, ఏదో కొంచెం ఉన్నట్టా?” మేస్త్రి మళ్ళీ అడిగాడు.

“లేనట్టే,” అంది డాక్టరమ్మ. “వేసి మూడేళ్ళయింది మేస్త్రీ. ఎలుక జ్వరం టీకా బలం రెండేళ్ళు నిలిస్తే గొప్ప. మీ ముఠాలో అందరికీ తగ్గిపోయింది. అది చూడడానికేగా రక్తాలు తీయించింది.”

“అందరికీ తగ్గితే తగ్గనివ్వండి. నాకు తగ్గడమేమిటి? అందరికంటే నాకే ఎక్కువుండాలి.”

మురుగు కాలువల్లోకి దిగేవాళ్ళు బట్టలు మార్చుకునే గది అది. గోడకి తాళ్ళు, మూల రబ్బరు బూట్లు, తలుపు వెనక మూతలు ఎత్తే ఇనప కొక్కేలు. డాక్టరమ్మ వచ్చిన రోజున అదే ఆసుపత్రి. మేస్త్రి గొప్పలు ఆ గదికి కొత్తేం కాదు. బెంచీ మీద కూర్చున్న అతని భార్య మూతి తిప్పుకుంది. ఫలితాలు తన చెవులతో వినాలని పని మానుకుని వచ్చిందామె. మొగుడూ తమ్ముడూ ఒకే కాలువలోకి దిగుతుంటే ఇంట్లో కూర్చోబుద్ధి కాదు మరి.

“నీకే ఎందుకట ఎక్కువ? మేస్త్రివనా?” అంది.

“టీకా వేసినప్పుడు నాలా బాధపడ్డవాడు ఇంకొకడున్నాడా?”

“అది మాత్రం నిజం డాక్టరమ్మా. రెండు చేతులూ పైకి లేవలేదు. నేనే తల దువ్వి, చొక్కా తొడిగి పంపాను. చంటిపిల్లాడు నయం.”

“కొందరికి ఒళ్ళు నొప్పులు ఎక్కువే,” అంటూ డాక్టరమ్మ కాగితం తిరగేసింది. ఆమె ధ్యాస అక్కడ లేదు. “నాకు అంతుపట్టనిది మీ సంగతి కాదు. మీ బామ్మర్దిది.”

తలుపుకి ఆనుకుని నిలబడ్డ బామ్మర్ది ఉలిక్కిపడ్డాడు. మేస్త్రి పిలుపు విని ముఠా అంతా అతన్ని బామ్మర్ది అనే పిలుస్తుంది. ఆరడుగుల మనిషి, గుబురు మీసం, కాలువలో ఏది ఎదురైనా బెదరడు. సూది కనబడితే మాత్రం కాళ్ళు వణుకుతాయి. మొన్న రక్తం తీసినప్పుడు అక్క వచ్చి చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

“నాకేమైంది డాక్టరమ్మా?”

“ఏమీ కాలేదు. అదే విచిత్రం. ముఠా మొత్తంలో మీ ఒక్కరి రక్తంలోనే ఆ బలం ఉంది. అదీ నిన్న మొన్న వేసినంత గట్టిగా ఉంది. నమ్మకం కుదరక మళ్ళీ పరీక్ష చేయించాను. మళ్ళీ అదే వచ్చింది.”

బామ్మర్ది చెయ్యి దానంతటదే మీసం మీదికి వెళ్ళింది. మేస్త్రి అతన్ని కిందినుంచి మీద దాకా చూశాడు.

“వీడికా? వీడికెక్కడినుంచి వచ్చింది?”

“నాకూ అదే అర్థం కావడం లేదు. టీకా వల్లయినా రావాలి, ఆ జబ్బే వచ్చి తగ్గితేనయినా రావాలి. మూడో దారి లేదు.” డాక్టరమ్మ బామ్మర్ది వైపు తిరిగింది. “మీకెప్పుడైనా పెద్ద జ్వరం వచ్చిందా?”

“వచ్చింది,” అంది అక్క. “టీకా వేసిన ఏడాదే, వానల్లో. కళ్ళు ఎర్రబారి, పిక్కలు పట్టేసి, ఒళ్ళు పచ్చబడి, మాకు దక్కుతాడనుకోలేదు. పెద్దాసుపత్రిలో ఎలుక జ్వరమేమో అన్నారు కూడా. ఈయన పనిలో ఉన్నాడు. టీకా వేయించుకున్నాడండీ అని నేనే చెప్పాను. అయితే అది కాదులే అని వేరే మందులు మొదలుపెట్టారు. ఏ దేవుడి దయో, బయటపడ్డాడు.”

“టీకా వేసిన ఏడాదేనా? అయితే అది అయ్యుండదు,” అని డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. “టీకాయే నిలిచింది. ఈ ఒక్క మనిషిలో ఎందుకు నిలిచిందన్నదే తేలాలి. ఏం తింటారు, ఎంత నిద్రపోతారు?”

“బావ తినేదే నేనూ తింటాను. నిద్ర కూడా అంతే.”

“నిద్ర నీది, పని నాది,” అన్నాడు మేస్త్రి. “వీడికి తల తిరుగుతోందంటే వీడి వంతు కూడా నేనే దిగుతాను డాక్టరమ్మా. మా ముఠా పద్ధతి అంతే. ఒకడి వల్ల కాకపోతే పక్కవాడు కానిస్తాడు. అడగడాలూ చెప్పుకోవడాలూ ఉండవు.”

“ఇప్పుడవన్నీ ఎందుకు బావా,” అని బామ్మర్ది నసిగాడు.

డాక్టరమ్మ పెన్ను మూత తీసింది. “సరే. మిగతా అందరికీ రేపే టీకా. అది ఒంటికి పట్టేదాకా ఎవరూ దిగొద్దు. మీకు మాత్రం అక్కర్లేదు. ఈలోగా ఎక్కడైనా కాలువ పొంగితే మీరు దిగండి.”

“సూది లేనట్టేనా?” బామ్మర్ది మొహం వెలిగిపోయింది. “పోయినసారి నేను పడిపోయి, కళ్ళు తెరిచేసరికి అంతా అయిపోయింది. అయినా ఆ భయం పోలేదు డాక్టరమ్మా.”

అక్క మాత్రం నవ్వలేదు. “ఒక్కణ్ణే దింపుతారా? ఆ జ్వరం నేనింకా మరిచిపోలేదు. వాడికేమీ కాదుగా?”

“టీకా బలం అంత గట్టిగా ఉన్నాక భయమెందుకమ్మా? నిశ్చింతగా ఉండండి,” అని డాక్టరమ్మ రాయడం మొదలుపెట్టింది.

మేస్త్రి ఎడమ భుజం ఒకసారి తడుముకున్నాడు. తర్వాత కుడి భుజం. ఎంత ఆలోచించినా అతనికి లెక్క కుదరడం లేదు.

“ఒక్క నిమిషం ఆగండి డాక్టరమ్మా,” అన్నాడు బుర్ర గోక్కుంటూ. “వీడికి ఉండి, నాకు లేకపోవడం ఎలా కుదురుతుంది? ఆ రోజు వీడి సూది కూడా నేనే కదా వేయించుకున్నది?”