సన్నని టకటక

"లేమ్మా, నేను కూర్చుంటాను. నా కారు చప్పుడు నా చెవులతోనే వినాలి," అన్నాడు టాక్సీ డ్రైవరు, సీట్లో ఉన్న మెకానిక్ కూతురితో.

బానెట్ కింద వంగి ఉన్న మెకానిక్ చెయ్యి ఆగింది. నిప్పురవ్వ పడే టైమింగ్ ముందుకు జరిగినప్పుడు ఇంజనులో పుట్టే సన్నని టకటక ఏడాదిగా అతని చెవికి అందడం లేదు. కూతురు సీట్లో కూర్చుని యాక్సిలరేటర్ తొక్కుతుంటే, అతడు ఆ టైమింగ్ సరిచేసే డిస్ట్రిబ్యూటర్‌ను పిసరంత తిప్పి, బానెట్ పక్కనుంచి దొంగచాటుగా ఆమె ముఖం చూసేవాడు. కనుబొమలు ముడిపడితే తప్పు, విడిపోతే ఒప్పు. ఈ సంగతి బయటపడితే షెడ్డు మూసుకోవలసిందే.

కూతురు దిగింది. డ్రైవరు ఎక్కి యాక్సిలరేటర్ తొక్కాడు.

"ఏంటి గురూ, బిగుసుకుపోయావు? నిద్రొస్తోందా?"

మెకానిక్ ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఏ తేడా తెలియలేదు.

"కాలుతోంది కదా, నేను పట్టుకుంటాలే నాన్నా," అంటూ కూతురు అతని చెయ్యి తొలగించింది. తల వంచి విని, కాస్త వెనక్కి తిప్పి ఆపింది. "ఇక్కడ. నట్టు బిగించు."

అతడు నివ్వెరపోయి చూశాడు.

ఆమె అతని చెవి దగ్గరకు వంగింది. "అంత చిన్న చప్పుడుకి ఎవరైనా అంతలా మొహం చిట్లిస్తారా నాన్నా? నీకు కనబడాలనే."

అతడు నట్టు బిగించాడు.

డ్రైవరు వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాడు. "చెవంటే నీదే గురూ."

"నాకు వినపడదు," అన్నాడు మెకానిక్. "అమ్మాయి వింటుంది, నేను బిగిస్తాను. ఇష్టమైతే మళ్లీ రా."