ఫోటోలో వీపు

"మళ్ళీ వీపే!"

అతను కెమెరా తెచ్చి భార్య ముఖం ముందు పెట్టాడు.

ఆమె చూసింది. తడి రోడ్డు, మందుల షాపు ఆకుపచ్చ వెలుగు, బళ్ళ దీపాలు గీసిన పొడుగాటి తెల్లగీతలు. అన్నీ ముచ్చటగానే ఉన్నాయి. మధ్యలో మాత్రం ఒక మనిషి వీపు, ఆ వీపు మీద తళతళలాడే పట్టీ.

పెళ్ళై మూడు నెలలు. పగలు అతను బ్యాంకులో, ఆమె బడిలో. దీపాలు వెలిగాక ఇద్దరి కాపురం ఈ మలుపులోనే. రోడ్డంచున పొట్టి స్టాండు వేసి, అతను మోకాళ్ళ మీద కూర్చుని బటన్ నొక్కుతాడు. ఒక్కో ఫోటోకి ముప్ఫై సెకన్లు. గొడుగు పట్టడం, అంకెలు లెక్కపెట్టడం ఆమె పని. ఇరవై దగ్గర వంగి అతని చెవిలో ఉఫ్ మని ఊదడం మాత్రం ఎవరూ అప్పగించని పని.

"ఆదివారంలోగా పంపాలోయ్. పోటీలో నెగ్గితే టౌన్‌హాలు గోడ మీద పెడతారు."

"మన పెళ్ళి ఫోటోలన్నిట్లో నేను కళ్ళు మూసుకునే ఉన్నాను. ఇదొక్కటైనా బాగా రానివ్వండి."

"నేను రానిస్తాను. వీపాయన రానివ్వాలిగా!"

ఆ పేరు ఆమె పెట్టిందే. వీళ్ళు స్టాండు వేయడం ఆలస్యం, మందుల షాపు మెట్ల మీంచి లేచి వస్తాడు. పదడుగుల ముందు నిలబడతాడు. పలకరింపు లేదు, వెనక్కి చూడటం లేదు.

ఆ రోజు అతనికి ఓపిక నశించింది.

"బాబాయ్, కాస్త జరుగుతారా?"

ఆయన రెండడుగులు జరిగాడు.

"ఇంకాస్త?"

"ఇంతకంటే జరగకూడదు బాబూ."

"ఏం, రోడ్డు మీ జాగీరా?"

"ఎవరి జాగీరూ కాదు బాబూ. అందుకే."

"మున్సిపాలిటీ ఓ జాకెట్ పడేస్తే చాలు, ప్రతివాడూ కమిషనరే!" అని అతను గొణిగాడు, వినపడేలాగే.

ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వూ ఆయనకి వినపడే ఉంటుంది.

శుక్రవారం సాయంత్రం ఆయన మొదటిసారి వెనక్కి తిరిగాడు. కుంటుకుంటూ వాళ్ళ దగ్గరికొచ్చాడు. నెరిసిన మీసం, నిద్రలేని కళ్ళు. జాకెట్ విప్పి ఆమె చేతిలో పెట్టాడు.

"రేపట్నుంచి నేనుండనమ్మా. మోకాళ్ళు నిలబడనివ్వడం లేదు. మా అమ్మాయి తనింటికి తీసుకెళ్తోంది. ఇది నువ్వు వేసుకో."

"నేనా? ఇందులో నాలాంటివాళ్ళు ముగ్గురు పడతారండీ!"

"పడితే పడనీ. వేసుకో తల్లీ."

పెద్దాయన మాట కాదనలేక, జాకెట్‌ని మడిచి సంచిలో కుక్కింది.

ఆయన అటు వెళ్ళగానే అతను చేతులు దులుపుకున్నాడు.

"హమ్మయ్య! పానకంలో పుడక పోయింది."

శనివారం. సన్నటి తుంపర. ఎదుట వీపు లేదు, రోడ్డంతా అద్దంలా ఉంది.

"ఇదేనోయ్, మన ఫోటో ఇదే!"

అతను బటన్ నొక్కాడు. ఆమె లెక్క మొదలుపెట్టింది.

"పదిహేడు... పద్దెనిమిది... పంతొమ్మిది..."

ఇరవై దగ్గర ఊదుదామని వంగింది.

అతని చెవి తెల్లగా వెలిగిపోతోంది.

గొడుగు వదిలేసి, కాలరు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఇద్దరూ వెళ్ళి పక్క కాలవలో పడ్డారు. బ్రేకులు కీచుమన్నాయి. స్టాండుకి జానెడు దూరంలో లారీ ఆగింది.

ఇదేమీ పట్టనట్టు, కెమెరా తన ముప్ఫై పూర్తిచేసుకుని టిక్కుమంది.

ఇంటికొచ్చి, తడిబట్టలతోనే ఆ ఫోటో చూశారు. రెండు తెల్లగీతలు తిన్నగా వాళ్ళ మీదికే వచ్చి, లావై, ఫోటో మొత్తాన్ని మింగేశాయి.

ఆమె పాత ఫోటోలు ఒక్కొక్కటే తీసింది. కాసేపటికి ఆమె చెయ్యి ఆగింది.

"ఏమండీ... వీటిల్లో గీతలు వంపు తిరిగాయేం?"

"మలుపు కదా."

"ఇవాళ మాత్రం మలుపు కాదా?"

అతను దగ్గరికి జరిగాడు. ప్రతి ఫోటోలోనూ గీతలన్నీ ఆ వీపు దాకా వచ్చి, రాయి చుట్టూ తిరిగే నీళ్ళలా, పక్కకి తప్పుకుని వెళ్ళాయి. ఫోటో పెద్దది చేశాడు. వీపాయన చెయ్యి ఒకటి రోడ్డు వైపు చాచి ఉంది.

"ఈ వంపు నా పనితనమే అనుకుని కదూ నన్ను నేను మెచ్చుకున్నాను," అన్నాడు నెమ్మదిగా.

ఆమె ఈసారి నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే జాకెట్ పట్టుకుని మందుల షాపుకి వెళ్ళారు.

"వీపున్న ఫోటోనే పోటీకి పంపుతున్నామండీ," అన్నాడతను. "కింద ఆయన పేరు రాయాలి. ఆయన్ని ఒక్కసారి చూడాలి కూడా."

"నిన్న తెల్లారకముందే కూతురొచ్చి తీసుకెళ్ళిందే! ఏ ఊరో నాకూ చెప్పలేదు."

"పోనీ, ఏ ఆఫీసులో పనిచేసేవారు? అక్కడ అడుగుతాం," అని ఆమె జాకెట్ చూపించింది.

షాపాయన దాన్ని చేతిలోకి తీసుకుని మడతలు సర్దాడు.

"ఆఫీసూ లేదు, డ్యూటీ లేదు. ఇది ఆయన సొంతంగా కొనుక్కున్నదమ్మా. సాయంత్రం నుంచి నేను షట్టరు దించేదాకా ఇక్కడే ఉండేవాడు, ఆరేళ్ళుగా."

"ఎందుకండీ?"

"ఆయన లారీ డ్రైవరమ్మా. ఈ మలుపులోనే ఒక రాత్రి, తెగిన చెప్పు సరిచేసుకుందామని వంగిన మనిషి ఆయనకి కనపడలేదు. ఆ రోజు బండి దిగినవాడు మళ్ళీ ఎక్కలేదు."