తీగ తాత

ఏనుగు కాల్లోకి దిగిన ఇనప తీగ ఉచ్చును కత్తిరించి జంతువుల డాక్టరు నసిమియు పక్కన పడేసిందో లేదో, వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఆ తీగ నాకిస్తావా, దక్తారీ?"

నసిమియుకి ఒళ్ళు మండింది. మత్తుబాణం తగిలిన ఏనుగు పక్కకి ఒరిగి పడుకుని ఉంది. పుండు కడగాలి, మందు దట్టించాలి, మత్తు విరగ్గొట్టాలి. అవతల పొదల్లో దాని పిల్ల గుక్కపట్టి అరుస్తోంది. ఇంతలో తీగ కావాలంటాడేమిటి ఈ మనిషి?

తొండం చివర మూసుకుపోకుండా పుల్ల అడ్డం పెట్టి, అడవి కాపలాదళం పెద్ద రిగా ఊపిర్లు లెక్కపెడుతున్నాడు.

"పద్నాలుగు... తీగ తాత మళ్ళీ తయారయ్యాడు... పదిహేను."

"తీగ ఎందుకు తాతా నీకు?" అంది నసిమియు, తల తిప్పకుండానే.

"పనుంది."

"ఏం పని?"

"నా పనిలే."

కాపలావాళ్ళంతా నవ్వారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో తీగ అడిగినవాడే ఉచ్చు వేసేవాడని అందరికీ తెలుసు. గట్టి తీగ దొరకడం కష్టం, పోయిన ఉచ్చు కోసం ప్రాణం కొట్టుకుంటుంది మరి.

అంతకుముందు మూడుసార్లు పీడ వదిలితే చాలని నసిమియు ఇచ్చేసింది. తీసుకున్న ప్రతిసారీ ముసలాయన తీగను వేళ్ళతో తడుముతూ అటూ ఇటూ తిప్పి చూసి, కోటు జేబులో కుక్కుకుని, వచ్చిన దారినే నడిచి వెళ్ళిపోయాడు. టీ తాగమని ఆయన్ని ఎవరూ పిలవలేదు, ఆయనా ఆగలేదు.

ఈసారి మాత్రం ఇవ్వనంది.

"పోనీ ఒక్కసారి చూడనీ."

"చూడటానికి అదేమైనా బంగారమా?" అన్నాడు రిగా. "నడువు."

ముసలాయన దూరంగా వెళ్ళి ఎండలో ఒక్కడే కూచున్నాడు.

ఏనుగు లేచింది. తూలుకుంటూ పిల్ల దగ్గరికి పోయింది. అందరూ ఊపిరి పీల్చుకుని సామాను సర్దుకోవడంలో పడ్డారు. సరిగ్గా అప్పుడే జీపు వెనక తీగతో సహా ముసలాయన చెయ్యి దొరికిపోయింది.

"చెప్పు తాతా," అంది నసిమియు. "ఎందుకు తీశావో నిజం చెబితే వదిలేస్తాను."

ఆయన ఆమె వంక చూశాడు. ఆమె వెనక తుపాకులతో నిలబడ్డవాళ్ళ వంక చూశాడు. చెప్పబోయిన మాట మింగేశాడు.

నసిమియు ఫిర్యాదు కాగితం మీద సంతకం పెట్టింది. ఆయన్ని పట్నం తీసుకుపోయారు.

మూడువారాల తర్వాత మధ్యాహ్నం మొక్కజొన్నపిండి ఉగాలి ముద్ద తింటూ రిగా కబురు చెప్పాడు.

"తీగ తాత జైల్లో పోయాడట. జ్వరమట."

"ఇంటివాళ్ళు?"

"ఎవరూ రాలేదు. ఊళ్ళో ఎవరికీ ఆయనంటే పడదట. జైలువాళ్ళే పూడ్చేశారు."

నసిమియు కంచం పక్కన పెట్టేసింది. దొంగ దొంగే అని సర్దిచెప్పుకుంది గానీ, ఎండలో ఒక్కడే కూచున్న ఆ మనిషి రెండురోజులపాటు కళ్ళల్లోంచి పోలేదు.

ఇక ఉచ్చులు ఆగుతాయనుకున్నారు. పదిరోజులు తిరక్కుండానే అదే ఏనుగు మళ్ళీ చిక్కింది. ఈసారి తొండానికి.

వీళ్ళు వెళ్ళేసరికి తొండం సగానికి పైగా తెగిపోయి ఉంది. మత్తు కూడా అక్కర్లేకపోయింది. రిగా అలవాటుగా పుల్ల చేతపట్టుకుని కూచున్నాడు, లెక్కపెట్టడానికి ఊపిరి లేదు. చనిపోయిన తల్లి పొట్టని పిల్ల నుదుటితో నెడుతూనే ఉంది. నసిమియు అందరి ముందూ ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే ఒకతను క్యాంపుకి వచ్చాడు. తీగచుట్ట ఒకటి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు.

"నా పేరు శాకో. గుట్ట అవతల ఊరు. నిన్నటి ఉచ్చు నాదే."

రిగా లేవబోయాడు. నసిమియు చేత్తో ఆపింది.

"ఆయన వస్తాడనుకున్నాను," అన్నాడు శాకో. "వచ్చి కూచుంటే మానేద్దామనుకున్నాను. ఆయన పోయాడని నిన్న సాయంత్రమే తెలిసింది."

"ఎవరు?"

"మ్వాశుమా. మీరు తీగ తాత అంటారటగా."

ఆ పేరు అక్కడ ఎవరూ అడిగి ఉండలేదు.

"ముడి చూస్తే కట్టిందెవరో చెప్పేసేవాడు," అన్నాడు శాకో. "ఒక్కొక్కడి చెయ్యి ఒక్కో తీరు. ఆ తీగ పట్టుకుని తిన్నగా వాడి గుమ్మంలోకొచ్చి కూచునేవాడు. తిట్టినా కదలడు, తిండి పెట్టకపోయినా కదలడు. మా వదినైతే మీద గంజి కుమ్మరించింది. ఉచ్చు వేసినవాడు మిగతా తీగలన్నీ తెచ్చి చేతిలో పెట్టేదాకా అంతే. ఎనిమిదిమందిమి ఉండేవాళ్ళం. ఏడుగురు మానేశారు. నా తీగే ఆయన చేతికి దొరకలేదు."

ఆ రోజు జీపు దగ్గర ముసలాయన చేతిలోంచి లాక్కున్న తీగ ఎవరిదో నసిమియుకి అప్పుడు అర్థమైంది.

"మాతో ఒక్కమాట చెప్పి ఉంటే..."

"చెబితే మీరు ఆ ఏడుగురినీ జైల్లో వేసేవాళ్ళు కారా?"

రిగా నేల చూపులు చూస్తున్నాడు.

నసిమియు ఆ తీగచుట్టను చేతిలోకి తీసుకుని అడిగింది. "ఊరంతా ఛీకొడుతుంటే, ఆయనకెందుకంత పట్టింది?"

శాకో తన అరచేతులు చూసుకున్నాడు.

"చిన్నప్పుడు మా ఎనిమిదిమందికీ చేతులు పట్టుకుని ఆ ముడి నేర్పింది ఆయనే, దక్తారీ."