మిగులు నేల

అమెరికాలోని డకోటాలో, కొన్ని రైతు కుటుంబాల పొలాలు కలిసిన సోల్బర్గ్ టౌన్‌షిప్ హద్దు కంచె దగ్గర హుల్డా ఆగిపోయింది. మతిమరుపు ముదిరిన తండ్రి టొర్వాల్డ్ పొద్దుగూకే వేళ కోటు లేకుండా ఇల్లు వదిలాడు. మంచు పేరుకునేలోగా దొరక్కపోతే ప్రాణాలతో దొరకడు.

కంచె అవతల ఒక చేను వెడల్పున మిగులు నేల ఉంది. పాతకాలంలో రెండు వైపుల నుంచి గొలుసులతో నేల కొలిచినవాళ్ల లెక్కలు కలవక మిగిలిపోయిన ముక్క అది. అవతలివాళ్లదని వీళ్లూ, ఇవతలివాళ్లదని వాళ్లూ దాన్ని దున్నరు, అందులో అడుగూ పెట్టరు.

ఆ ముక్కలో ఇప్పుడు లాంతర్లు కదులుతున్నాయి. ఎవరో మెల్లగా టొర్వాల్డ్, టొర్వాల్డ్ అని పిలుస్తున్నారు.

"అవతలి టౌన్‌షిప్ వాళ్లు మన కబురందుకుని వెతకడానికి వచ్చేశారమ్మాయ్," అన్నాడు పొరుగు రైతు ఎమెట్. "సొంత పెళ్లికే ఆలస్యంగా పోయే రకాలు. ఇవాళ బుద్ధొచ్చింది."

హుల్డా ప్రాణం కాస్త కుదుటపడింది. అంతలో వెనక బాట మీద గుర్రబ్బండి వచ్చి ఆగింది. దిగినవాళ్లు అవతలి టౌన్‌షిప్ వాళ్లే.

"వాగు మీద వంతెన విరిగి చుట్టూ తిరిగొచ్చాం," అన్నాడు వాళ్ల పెద్ద. "ఎటు వెతకమంటావు ఎమెట్? ఇంకా లాంతర్లు కూడా వెలిగించలేదు."

ఎమెట్ కంచె అవతలి లాంతర్ల వైపు తిరిగి చూశాడు.

కంచె అవతల పిలుపు ఆగింది. ఆ నిశ్శబ్దంలో, మిగులు నేలలోంచే తండ్రి గొంతు వినిపించింది. పొలంలో ఉండగా భోజనానికి పిలిస్తే పలికేటంత హుషారుగా ఉంది.

"వస్తున్నానర్రా, ఉండండి."

"నాన్నా, ఇటు," అంది హుల్డా.

లాంతర్లన్నీ ఆమె వైపు తిరిగాయి. అప్పటికే ఆమె కాలు ఒకటి కంచె దాటింది.